టులెట్ బోర్డు ఎవరి కోసం?

(కాచిగూడలో విద్యార్థులు, వికలాంగుల హక్కుల కార్యకర్తలు కలిసి జరుపుకున్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇక్కడ కూర్చున్నవాళ్ళలో చాలామంది అశోక్‌నగర్, చిక్కడపల్లి, నారాయణగూడ గల్లీల్లో కిరాయికి ఉంటున్నవాళ్ళే. మిగతావాళ్ళు కిరాయికి రూము దొరక్క తిరుగుతున్నవాళ్ళు. కాబట్టి ఈ ఊళ్ళో రూము వెతుక్కోవడమంటే ఏమిటో మేం మీకు కొత్తగా చెప్పేది లేదు. గేటుకు టులెట్ బోర్డు వేలాడుతుంటది. బెల్లు కొడతాం. పైనుంచి ఒక తల బయటికొస్తది. ఏం చదువుతున్నరు? ఏ ఊరు? మీరేమోళ్ళు? నీసు తింటరా? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పేలోపల బోర్డు అట్లనే ఉంటది గానీ రూము మాత్రం 'నిన్ననే ఇచ్చేసినం' అయిపోతది.

తెల్లకర్ర పట్టుకుని వచ్చిన అంధ విద్యార్థికి ఆ నాలుగు ప్రశ్నలు కూడా ఉండవు. 'మెట్లున్నయి బాబూ, నువ్వు ఎక్కలేవు' అని జాలిపడుతూనే గేటు వేస్తారు. మూడు చక్రాల బండి మీద వచ్చిన అమ్మాయిని 'బండి ఎక్కడ పెడతవు?' అంటారు. తోడుగా అమ్మ ఉంటదంటే 'ఒక్కరికే ఇస్తం, ఇద్దరైతే నీళ్ళు చాలవు' అంటారు. తోడు ఎవరూ లేరంటే 'రేపు ఏమన్నయితే మా మీదకి వస్తది' అంటారు. తోడు ఉన్నా తప్పే, లేకున్నా తప్పే!

ఈ తోడు అన్న మాట దగ్గర కాస్త ఆగుదాం. అమెరికాలోనూ ఐరోపాలోనూ చాలామంది అంధులు శిక్షణ పొందిన కుక్కను తోడు పెట్టుకుని నడుస్తారు. చెవిటివాళ్ళకు తలుపు చప్పుడు, పొయ్యి మీద కుక్కరు చప్పుడు తెలియజేసే కుక్కలు కూడా ఉన్నాయి. అమెరికాలో ఇంటి ఓనరు 'మా ఇంట్లో కుక్కలు వద్దు' అని రాసిపెట్టుకున్నా ఆ నియమం ఈ తోడు కుక్కకు వర్తించదు, దాని పేరు చెప్పి అదనపు అడ్వాన్సు కూడా గుంజకూడదు అని అక్కడి చట్టం అమలైంది. ఎందుకని? అది ముద్దు కోసం పెంచుకునే కుక్క కాదు, ఆ మనిషి కళ్ళూ చెవులూ. మనిషికి ఇల్లిస్తాను గానీ కళ్ళు బయట వదిలి రావాలంటే కుదరదు.

మన దగ్గర అట్లాంటి కుక్కను పెట్టుకోగలిగినవాళ్ళు అరుదు. మనవాళ్ళకు తోడంటే ఒక కర్ర, ఒక బండి, ఒక అమ్మ, ఒక తమ్ముడు. కానీ సూత్రం మాత్రం అదే. తోడును వద్దన్నవాడు మనిషినే వద్దన్నట్టు. పెంపుడు కుక్కల్ని అపార్ట్‌మెంటు సంఘాలు నిషేధించరాదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే సర్క్యులరు ఇచ్చింది. పైఅంతస్తు ఓనరు పెంచుకునే పొమేరియన్‌కు అంత రక్షణ దొరికింది. వికలాంగురాలి పక్కన ఉండే అమ్మకు మాత్రం 'నీళ్ళు చాలవు' అన్న జవాబు. మహద్ చెరువులో పశువులు తాగిన నీళ్ళు మనుషులు తాగకూడదన్న దేశం ఇది. 1927లో బాబాసాహెబ్ ఆ నీళ్ళు దోసిట్లోకి తీసుకునేదాకా అది ఎవరికీ వింతగా తోచలేదు.

ఇక్కడ కొందరికి సందేహం రావచ్చు. దళిత ఉద్యమానికీ వికలాంగుల సమస్యకూ సంబంధమేమిటని. రాజ్యాంగం 17వ అధికరణం ఇంగ్లీషు పాఠం తీసి చూడండి. అంటరానితనం నుంచి పుట్టే ఏ 'డిసెబిలిటీ'ని అమలు జరిపినా నేరమని ఉంటుంది. అదే మాట, డిసెబిలిటీ! ఆ అర్థంలో వైకల్యం మన ఒంట్లో లేదు, ఎదుటివాడు మన మీద అమలు జరిపేది. బావి దగ్గరికి నడిచిపోయే కాళ్ళు మన తాతలకు ఉన్నాయి, పోనివ్వలేదు. ఈనాడు వికలాంగుల ఉద్యమం చెప్తున్నదీ ఇదే కదా. కాలు లేకపోవడం ఒకటి, మెట్లు మాత్రమే కట్టడం ఇంకొకటి. మొదటిది శరీరానిది, రెండోది సమాజం అమలు జరిపేది.

పేర్లు మార్చే తంతు కూడా రెండు చోట్లా ఒకటే. 1930లలో మనల్ని హరిజనులన్నారు. 2015లో ప్రధానమంత్రి రేడియోలో మాట్లాడుతూ వికలాంగుల్ని దివ్యాంగులనాలన్నాడు. దేవుడి బిడ్డలకు గుడి తలుపు తెరవలేదు, దివ్యమైన అంగాలున్నవాళ్ళకు ఇంటి తలుపు తెరవడం లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 2 కోట్ల 68 లక్షల మంది వికలాంగులున్నారు. మొత్తం జనాభాలో వాళ్ళు నూటికి 2.21. షెడ్యూల్డు కులాల్లో చూస్తే నూటికి 2.45. పేదరికం, చేసే పని, అందని వైద్యం వేరే ఎవరి శరీరం మీద రాసుకుంటాయి? అందుకే రెండూ మన సమస్యలే. ఒకే మనిషి మీద రెండూ వచ్చి పడ్డప్పుడు ఏ కారణంగా ఇల్లు దొరకలేదో ఆ మనిషికే తెలియదు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఊళ్ళో అయితే కులం పేరు పెట్టి మొహం మీదే తిట్టేవాడు. పట్నపు ఓనరు తిట్టడు. 'ఖాళీ లేదు' అంటాడు. మర్యాదగానే అంటాడు, ఒక్కోసారి మంచినీళ్ళిచ్చి మరీ అంటాడు. ఆ రెండు మాటల్లో కులం లేదు, వైకల్యం లేదు, నేరం లేదు. పోలీస్ స్టేషనుకు పోతే ఏమని రాసిస్తాం? మనసులో ముల్లు గుచ్చుకుంటుంది, చేతిలో మాత్రం కాగితం ముక్క ఉండదు. పైగా మన స్నేహితులే 'నీ అనుమానం గానీ...' అంటారు. ఇల్లు పోతుంది, పైగా అనుమానపు మనిషన్న పేరు వస్తుంది.

ఈ 'ఖాళీ లేదు'ను పట్టుకోవడం ఎట్లా?

మేం బడి పంతుళ్ళం గనక మా భాషలోనే చెప్తాం. ఒక ఎగ్జామినరు పక్షపాతంతో మార్కులు వేస్తున్నాడని అనుమానం వచ్చిందనుకోండి. ఒక్క పేపరు చూస్తే ఏమీ తెలియదు. ఒకే జవాబును రెండు పేపర్ల మీద రాసి, రెండు వేర్వేరు పేర్లు పెట్టి పంపిస్తే? ఒకదానికి 60, ఒకదానికి 30 వేస్తే? అప్పుడు ఆ తేడా జవాబుది కాదు, పేరుది. ఇళ్ళ విషయంలో దీన్నే జంట పరీక్ష అంటారు. ఒకే వయసు, ఒకే కోచింగ్, ఒకే బడ్జెట్ ఉన్న ఇద్దరు ఒకే గేటు దగ్గరికి వేరువేరుగా పోతారు. ఒక్క విషయంలో తప్ప అన్నిట్లో సమానం. ఓనరు ఇద్దరికీ ఏం చెప్పాడన్నదే సాక్ష్యం.

ఇది మేం కనిపెట్టింది కాదు. 1967లో బ్రిటన్‌లో ఒక పరిశోధనా సంస్థ ఇట్లాగే పరీక్ష చేసింది. ఒక తెల్ల ఆంగ్లేయుణ్ణి, హంగేరీ నుంచి వలస వచ్చిన ఒక తెల్లవాణ్ణి, వెస్టిండీస్ నుంచి వచ్చిన ఒక నల్లవాణ్ణి పంపించింది. మూడోవాణ్ణి ఎందుకు కలిపారు? 'నల్లవాడని కాదు, పరదేశి అని ఇవ్వలేదు' అన్న సాకును తేల్చడానికి. తేలింది. పరదేశి అయిన తెల్లవాడికి దొరికింది నల్లవాడికి దొరకలేదు. మరుసటేడు 1968లో వచ్చిన జాతి సంబంధాల చట్టంలో ఇళ్ళు కూడా చేరాయి.

అమెరికాలో మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన వారం రోజులకు, 1968 ఏప్రిల్‌లో ఇళ్ళలో వివక్షను నిషేధించే చట్టం వచ్చింది. 1988లో వికలాంగుల్ని అందులో చేర్చారు. నిజంగా ఇల్లు అక్కర్లేకుండా పరీక్ష కోసమే పోయిన మనిషికి అబద్ధం చెప్పినా అతను కోర్టుకు పోవచ్చని 1982లో వాళ్ళ సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2005లో వెలువడిన షికాగో పరీక్షలో చెవిటివాళ్ళు, చక్రాల కుర్చీలో తిరిగేవాళ్ళు తామే పరీక్షకులుగా పోయారు. చెవిటివాళ్ళు ప్రత్యేక ఫోను సదుపాయం ద్వారా చేసిన ప్రతి నాలుగు ఫోన్లలో ఒకదాన్ని ఇళ్ళవాళ్ళు తీసుకోనేలేదు. గేటు దాకా పోకముందే, ఫోను దగ్గరే గెంటివేత!

మన దేశంలో సుఖదేవ్ థోరాట్, మరి కొందరు పరిశోధకులు ఢిల్లీ, దాని చుట్టుపట్ల పట్టణాల్లో పరీక్ష చేసి 2015లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో ఫలితాలు ప్రచురించారు. పై కులాల పేర్లతో అడిగిన దాదాపు అందరికీ ఇల్లు ఉందన్నారు. దళితుల్లో నూటికి 18 మందికి, ముస్లింలలో 31 మందికి పూర్తిగా లేదన్నారు. ఇంకొందరికి ఇస్తామంటూనే కిరాయి పెంచారు, షరతులు పెట్టారు. మరుసటేడు వచ్చిన ఇంకో ఢిల్లీ అధ్యయనంలో ముస్లిం పేరుకు తిరిగి ఫోను చేసే ఓనర్లు బాగా తగ్గిపోయారు గానీ, దళితుల పేర్ల విషయంలో స్పష్టమైన తేడా కనిపించలేదు. ఈ రెండో సంగతి మన వాదానికి ఇబ్బంది అని దాచుకోనక్కర్లేదు. అందులో మనకో పాఠం ఉంది. ఆ అధ్యయనం చూసింది మొదటి మెట్టు మాత్రమే, ఓనరు తిరిగి పిలుస్తాడా లేదా అని. కులం ప్రశ్న రెండో మెట్టు మీద, గేటు దగ్గర ఎదురుచూస్తూ కూర్చుంటుంది. పైగా తెలుగువాళ్ళ ఇంటిపేరు చూసి కులం ఖాయం చెయ్యడం చాలాసార్లు కుదరదు. అందుకే మన ఓనరు పేరుతో సరిపెట్టుకోడు, 'మీరేమోళ్ళు?' అని నోరు తెరిచి అడుగుతాడు. కాబట్టి మన పరీక్ష ఫోనుతో ఆగకూడదు, గేటు దాకా, రూము తలుపు దాకా, అడ్వాన్సు మాట దాకా పోవాలి.

ఇప్పుడు మన గల్లీల సంగతి. గ్రూప్స్ కోసం, పోలీసు ఉద్యోగాల కోసం జిల్లాల నుంచి వచ్చే పిల్లలకు అశోక్‌నగర్ ఒక రెండో యూనివర్సిటీ. పగలంతా చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ, రాత్రికి ఒక మంచం. 2020లో చిక్కడపల్లి, నారాయణగూడ మెట్రో స్టేషన్లు తెరిచారు, వాటికి లిఫ్టులున్నాయి. బండి మీది మనిషి లిఫ్టులో రోడ్డు మీదికి దిగగలదు. దిగి ఎక్కడికి పోవాలి? మన వాళ్ళకు దొరికేది మూడంతస్తుల పైన రేకుల రూము, లిఫ్టు ఉండదు. పై కులాలవాళ్ళు పట్నంలో బస సమస్యను ఎప్పుడో గుర్తించారు. 1918లోనే రెడ్డి హాస్టలు పెట్టుకున్నారు. ఆ తర్వాత ఒక్కో కులం ఒక్కో హాస్టలు కట్టుకుంది. కాచిగూడలోనే మున్నూరు కాపుల హాస్టలుంది. వాళ్ళు కట్టుకున్నారని మాకు ఏడుపు లేదు. భాగ్యరెడ్డివర్మ ఆ రోజుల్లోనే ఇక్కడికి కూతవేటు దూరంలో చాదర్‌ఘాట్‌లో ఆది హిందూ భవనం నిలబెట్టాడంటే చోటు విలువ ఆయనకు తెలుసు. కానీ డిగ్రీతో సాంఘిక సంక్షేమ హాస్టలు వదిలి వచ్చిన మన పిల్లవాడు ఈనాడు మార్కెట్ దయ మీద పడుతున్నాడు. వికలాంగుల పింఛను 2023లో 4,016 రూపాయలకు పెరిగింది. దానితో కిరాయి కట్టాలా, తినాలా అన్నది ఒక బాధ. కిరాయి చేతిలో పెట్టుకుని తిరిగినా తీసుకునేవాడు లేకపోవడం ఇంకో బాధ.

కాబట్టి పని ఎట్లా చేద్దామో చెప్పుకుందాం.

మనకు జంట చాలదు, నలుగురు కావాలి. వైకల్యం లేని పై కులం విద్యార్థి, వైకల్యం లేని దళిత విద్యార్థి, పై కులం వికలాంగ విద్యార్థి, దళిత వికలాంగ విద్యార్థి. నలుగురూ ఆడపిల్లలైనా కావాలి, నలుగురూ మగపిల్లలైనా కావాలి. బ్రిటన్‌వాళ్ళు మూడో మనిషిని పంపిన కారణమే ఇక్కడా. 'కులమని కాదండీ, మెట్లున్నయని' అనే ఓనరు పై కులం వికలాంగుడికి ఏం చెప్పాడో చూస్తే తెలిసిపోతుంది. 'నీసు తింటారనే గానీ' అనే ఓనరు మాంసం తినే పై కులంవాడికి ఏం చెప్పాడో చూద్దాం. ముస్లిం మిత్రులు ముందుకొస్తే ఐదో మనిషి కూడా ఉంటాడు.

వికలాంగుల వేషం ఎవరూ వెయ్యొద్దు. అది అవమానం, పైగా అబద్ధపు సాక్ష్యం. వికలాంగ విద్యార్థులే పరీక్షకులు, వాళ్ళ తోడు వాళ్ళతోనే పోవాలి. అమ్మ వస్తే అమ్మ, తమ్ముడు వస్తే తమ్ముడు. తోడు గురించి ఓనరు అడిగే ప్రతి మాటా మనకు ముఖ్యం.

ఎవరు ముందు పోవాలన్నది చీటీలు వేసి తేల్చండి. ప్రతిసారీ దళిత విద్యార్థే చివర పోతే 'అప్పటికే నిండిపోయింది' అన్నది నిజమే కావచ్చు. చివరివాళ్ళకు లేదంటే, వెంటనే మొదటి మాదిరి మనిషిని ఇంకొకర్ని పంపించండి. వాళ్ళకు ఉందంటే అది సాక్ష్యం.

బయటికి రాగానే, ఒకరితో ఒకరు మాట్లాడుకోకముందే, ఎవరిది వాళ్ళు రాయాలి. తారీఖు, టైము, గేటు మీద బోర్డు ఉందా, ఎవరు మాట్లాడారు, ఏ ప్రశ్న ముందు అడిగారు, రూము చూపించారా, ఎన్ని చూపించారు, కిరాయి ఎంత, అడ్వాన్సు ఎన్ని నెలలది, ఏ షరతులు, మళ్ళీ ఫోను చేస్తామన్నారా, చేశారా. 'వాడు కులగజ్జిగాడు' అని రాయొద్దు. వాడన్న మాట అన్నట్టే రాయండి. మీ కోపానికి కోర్టులో విలువ లేదు, మీ కాగితానికి ఉంటుంది. ఒక్క 'లేదు' సాక్ష్యం కాదు. అదే గేటు దగ్గర మళ్ళీ మళ్ళీ అదే తేడా వస్తే అది సాక్ష్యం.

ఎవరి దగ్గర మొదలుపెట్టాలి? ఒక రూము కిరాయికిచ్చుకుని ఆ డబ్బుతో బతికే ముసలమ్మ దగ్గర కాదు. ప్రైవేటు హాస్టళ్ళ దగ్గర, బ్రోకర్ల దగ్గర. ఇది జాలి కాదు, లెక్క. 2016 వికలాంగుల హక్కుల చట్టం 3వ సెక్షను వివక్షను కాదంటుంది. తగిన సర్దుబాటు నిరాకరించడం కూడా వివక్షేనని నిర్వచనంలోనే ఉంది. గ్రౌండ్ ఫ్లోర్‌లో మంచం, తోడుకు చోటు, గడప దగ్గర ఒక చెక్క వాలు, ఇవన్నీ సర్దుబాట్లే. అయితే ఆ చట్టం 'ప్రైవేటు సంస్థ' అన్నప్పుడు కంపెనీలు, ఫర్ములు, సొసైటీలు, ఏజెన్సీల వంటివాటిని లెక్కపెట్టింది. సొంత ఇంట్లో ఒక గది ఇచ్చే ఓనరు తప్పించుకునే సందు అక్కడుంది. పదుల మంచాలు వేసి వ్యాపారం చేసే హాస్టలుకు, కమీషను తీసుకునే ఏజెన్సీకి ఆ సందు ఇరుకు. మొదటి ఉల్లంఘనకు 10,000 దాకా, మళ్ళీ చేస్తే 50,000 నుంచి 5 లక్షల దాకా జరిమానా ఉంది. హక్కులకు భంగం కలిగితే రాష్ట్ర కమిషనరు తనంతట తానుగానైనా విచారించవచ్చు. మన కాగితాలు మొదట పోవాల్సింది అక్కడికి.

కులం విషయంలో 1955 పౌరహక్కుల రక్షణ చట్టం ఉంది. ఏ ప్రాంతంలోనైనా నివాసం సంపాదించుకోవడాన్ని, అందులో ఉండడాన్ని అంటరానితనం కారణంగా అడ్డుకుంటే 4వ సెక్షను కింద నేరం, నెల నుంచి ఆరు నెలల దాకా జైలు. 12వ సెక్షను ఇంకా ముఖ్యం. నేరమయ్యే పని షెడ్యూల్డు కులం మనిషి పట్ల జరిగితే అది అంటరానితనం వల్లనేనని కోర్టు అనుకోవాలి, కాదని రుజువు చేసుకోవాల్సింది అవతలివాడు. ఇంత పదునైన కత్తి ఒరలో తుప్పు పడుతోంది. ఎందుకంటే 'ఖాళీ లేదు' అన్నది అబద్ధమని చూపించే కాగితం ఇన్నాళ్ళూ మన దగ్గర లేదు.

చట్టాల్లో గోడలూ ఉన్నాయి, తెలిసే పోదాం. పార్సీలకే సభ్యత్వమన్న ఒక హౌసింగ్ సొసైటీ నియమాన్ని సుప్రీంకోర్టు 2005లో సమర్థించింది. 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో వివక్షను నిషేధించే సెక్షనే లేదు. అయితే 15వ అధికరణంలోని 'దుకాణాలు' అన్న మాటను విశాలంగా చదవాలని అదే సుప్రీంకోర్టు 2011లో ఒక ప్రైవేటు కాలేజీ కేసులో చెప్పింది. వికలాంగులకు అందుబాటు ప్రమాణాలు సలహాలుగా మిగలకూడదు, తప్పనిసరి కావాలని 2024 నవంబరులో రాజీవ్ రాతూరి కేసులో అన్నది. ఆ కేసులో కోర్టు ముందున్న నివేదిక మన హైదరాబాదు నల్సార్‌లోని వికలాంగ అధ్యయన కేంద్రానిది. గోడ ఉన్నచోట తలుపు పెట్టించాలంటే గోడకు ఈవల ఎంతమంది నిలబడ్డారో లెక్క చూపించాలి. ఆ లెక్కే ఈ పరీక్ష.

రెండు అభ్యంతరాలు తప్పకుండా వస్తాయి. ఒకటి, 'నా ఇల్లు, నా ఇష్టం.' రెండు గ్లాసులు పెట్టిన హోటలువాడూ నా హోటలు నా ఇష్టమన్నాడు. బావి తవ్వించినవాడూ అదే అన్నాడు. ఇంట్లో ఎవరితో కలిసి తింటావో నీ ఇష్టం. గేటుకు బోర్డు కట్టి ఊరందర్నీ పిలిచినప్పుడు అది బజారు. బజారులో మనిషిని చూసి ధర చెప్పే హక్కు లేదు.

రెండోది, 'ఇల్లు అక్కర్లేకుండా పోయి అడగడం మోసం కాదా?' అని. మిత్రులారా, మోసం గురించి మాట్లాడదాం. కొలంబియాలో చదివి వచ్చిన అంబేడ్కర్‌కు 1917లో బరోడాలో తల దాచుకునే చోటు లేక పార్సీ పేరుతో పార్సీల సత్రంలో ఉండాల్సి వచ్చింది. తెలిసిపోయాక కర్రలతో వచ్చి వెళ్ళగొట్టారు. ఈనాడు ఈ గల్లీల్లో కులం దాచుకుని, మెడలో సిలువ దాచుకుని, గోడ మీద బాబాసాహెబ్ ఫొటో పెట్టుకోకుండా బతుకుతున్న పిల్లలు లేరా? వినికిడి యంత్రాన్ని జుట్టు కింద దాచుకునే చెల్లెళ్ళు లేరా? బతకడానికి మనం రోజూ వేషం వేస్తూనే ఉన్నాం, దాన్ని ఎవడూ మోసమనలేదు. దాచుకోవడానికి వేసిన వేషం ఇక చాలు. బయటపెట్టడానికి ఒక్క సాయంత్రం పోయి అడుగుదాం. అడ్వాన్సు ఇచ్చి వెనక్కి తీసుకోవడం, రూము ఆపిపెట్టించడం మాత్రం చెయ్యొద్దు, ఇంకొక పేదవాడికి అది దెబ్బ.

ఇంకో మాట. ఈ పరీక్షలో 'రండి, చూసుకోండి' అని నలుగురికీ ఒకే రూము, ఒకే కిరాయి చెప్పే ఓనర్లు కూడా దొరుకుతారు. వాళ్ళ సంగతి కూడా అంతే శ్రద్ధగా రాయండి. మనవాళ్ళకు రేపు చెప్పాల్సిన అడ్రసులు అవే.

ఈ ఆదివారం సాయంత్రం ఆరు గంటలకు చిక్కడపల్లి లైబ్రరీ గేటు దగ్గర కలుద్దాం. నలుగురేసి జట్లు కడదాం. పెన్ను, నోటుబుక్కు తెచ్చుకోండి. తోడు ఉన్నవాళ్ళు తోడుతోనే రండి.